తిరిగే కంపోస్టు డ్రమ్ము: బెంగళూరు మేడ మీద బిగించుకోవడం, నడుపుకోవడం

తిరిగే డ్రమ్ము తెచ్చుకున్న ఇళ్లలో చాలాచోట్ల మూడు నెలలు తిరిగేసరికి అది మేడ మీద ఓ మూల చేరుతుంది. ఎందుకంటే కంపు, పురుగులు, అడుగున కారే నల్లనీళ్లు. తప్పు డ్రమ్ముది కాదు, దాని మీద మనం పెట్టుకున్న ఆశది. తిప్పితే లోపలికి గాలి అందుతుంది, సరుకు కలుస్తుంది. అంతవరకే దాని పని. నీటిని అది వదిలించుకోలేదు.

బెంగళూరులో చాలామంది ఇంటి కంపోస్టు మొదలుపెట్టేది ఒకదాని మీద ఒకటి పేర్చిన మట్టికుండలతో. మట్టిగోడ తేమను పీల్చి బయటికి వదులుతుంది కాబట్టి కాస్త నీరెక్కువైనా కుండ కాపాడుతుంది. ప్లాస్టిక్ డ్రమ్ము అలా కాపాడదు. కూరగాయల తొక్కలతోపాటు లోపలికెళ్లిన నీళ్లు చాలావరకు లోపలే ఉండిపోతాయి. అందుకే డ్రమ్ము బిగించడం ఒక పూట పని, దానికి సరిపడా ఎండుటాకు కూడబెట్టడం ఏడాది పని. ఈ రెండోది కుదరదనుకునేవాళ్లు కుండలతోనే సరిపెట్టుకోవడం మేలు.

ఎంత సైజు కావాలి

నలుగురున్న ఇంట్లో రోజుకు సుమారు ఒక కేజీ తడి చెత్త వస్తుంది. ఇక్కడి మాటలో హసి కస. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తడి, పొడి, ప్రమాదకర చెత్తల్ని ఇంట్లోనే విడగొట్టమన్నాయి కాబట్టి, ఆ అలవాటున్న ఇంట్లో సగం పని అయిపోయినట్టే. అలాంటి ఇంటికి 200 లీటర్ల డ్రమ్ము సరిపోతుంది. దాన్ని మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు, అంటే వాడుకునే జాగా 130 లీటర్లు. పైన ఖాళీ లేకపోతే తిప్పినా సరుకు దొర్లదు, ముద్దగా మొత్తం కలిసి తిరుగుతుంది.

ఇద్దరే ఉండే ఇంటికి 100 లీటర్లది చాలు. అంతకన్నా చిన్నవాటిలో వేడి నిలవదు. సరుకు తక్కువైనకొద్దీ పుట్టిన వేడి పుట్టినట్టే గోడల్లోంచి పోతుంది.

సామాను

డ్రమ్ము: రెండువైపులా మూసి, పైన రెండు చిన్న బిరడాలు ఉండే నీలం రంగు హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) డ్రమ్ము తీసుకోండి. మూత మొత్తం ఊడొచ్చే రకం వద్దు. ఇరుసు మూత మధ్యలోంచి వెళ్లాలి, ఆ మూత బరువు మోయలేక వంగుతుంది. కలాసిపాళ్యం, శివాజీనగర్ వైపు పాత సామాన్ల కొట్లలో, ఇక్కడివాళ్లు గుజరి అనే దుకాణాల్లో ఇలాంటివి వెతకొచ్చు. లోపల ఇంతకుముందు ఏముండేదో అడగండి. పండ్ల గుజ్జు, గ్లూకోజు పాకం, వంటనూనె అయితే ఫరవాలేదు. పురుగుమందు, రంగులు, యాసిడ్ లాంటివి ఉన్నవైతే ఎంత కడిగినా వద్దు. లేబులు చింపేసి, వాసన ఘాటుగా ఉన్నది ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

ఇరుసు: 25 మి.మీ. జీఐ పైపు (జింకు పూసిన ఇనుప పైపు), మీడియం క్లాసు, అంటే గోడ మందం మధ్యరకం. షాపులో దీన్నే ఒక అంగుళం పైపు అంటారు. బయటి వ్యాసం సుమారు 34 మి.మీ. ఉంటుంది.

పలకలు: 150 మి.మీ. చదరం, 5 మి.మీ. మందం ఉన్న ఇనుప పలకలు రెండు. వాటికి తోడు 32 మి.మీ. జీఐ పైపు ముక్క 250 మి.మీ. ఒకటి. ఇందులోంచే తొడుగు, ఇరుసు కూర్చునే దోనెలు వస్తాయి.

స్టాండు: 35 × 35 × 5 మి.మీ. ఎల్ యాంగిల్. రెండు ఏ-ఆకారపు కాళ్లు, వాటిని కలిపే అడ్డబద్దలు రెండు.

ఇవిగాక 8 మి.మీ. బోల్టులు 9, 6 మి.మీ. స్టీలు బోల్టులు 30 దాకా, వాటికి వెడల్పాటి వాషర్లు, మూడంగుళాల మడతబందులు 2, గడియలు 2, గేటు హ్యాండిళ్లు 4, స్టీలు దోమల జాలీ అర మీటరు, 40 మి.మీ. అల్యూమినియం ఎల్ యాంగిల్ 700 మి.మీ. ముక్కలు 3, సైకిల్ ట్యూబు ఒకటి, తలుపు అంచులకు ఇనుప పట్టీ, చిన్న గొలుసు, కొక్కెం, కాస్త గ్రీజు. ఎస్.పీ. రోడ్డు హార్డ్‌వేర్ కొట్లలో ఇవన్నీ ఒకే తిరుగుడులో దొరుకుతాయి. వెల్డింగు మాత్రం పేటలో ఉన్న షాపుకే ఇవ్వండి. కొలత తేడా వస్తే మళ్లీ వెళ్లడం తేలిక.

కొలతలు

డ్రమ్ము చేతికి వచ్చాకే వెల్డింగుకు వెళ్లాలి. 200 లీటర్ల డ్రమ్ములన్నీ ఒకే పొడవుండవు. ఈ లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు: రెండు కాళ్ల మధ్య దూరం డ్రమ్ము పొడవుకన్నా 130 మి.మీ. ఎక్కువ, ఇరుసు పొడవు ఆ దూరం కన్నా 200 మి.మీ. ఎక్కువ. డ్రమ్ము 920 మి.మీ. ఉంటే కాళ్ల మధ్య 1050, ఇరుసు 1250. నేల నుంచి ఇరుసు ఎత్తు 700 మి.మీ. పెడితే డ్రమ్ము కింద 400 మి.మీ. ఖాళీ దొరుకుతుంది, సిమెంటు మోసే బొచ్చె సులువుగా దూరుతుంది. ఏ-కాలు అడుగున వెడల్పు 650 మి.మీ.కి తగ్గకూడదు. తగ్గితే డ్రమ్ము తిప్పినప్పుడల్లా స్టాండు తూగుతుంది.

వెల్డరుకు చెప్పాల్సినవి మూడు. ఒక పలకకు మధ్యలో రంధ్రం చేసి ఇరుసుకు ఒక చివరినుంచి 160 మి.మీ. దూరంలో వెల్డు చెయ్యాలి. రెండో పలకకు 32 మి.మీ. పైపులోంచి కోసిన 50 మి.మీ. తొడుగు వెల్డు చెయ్యాలి, అది ఇరుసు మీద జారేలా ఉండాలి. మిగిలిన పైపును 100 మి.మీ. ముక్కలు రెండుగా చేసి, ఒక్కోదాన్ని నిలువునా చీల్చి, సగం ముక్కను కాలి కొసన దోనెలా వెల్లకిలా వెల్డు చెయ్యాలి. ఆ దోనెల్లోనే ఇరుసు తిరుగుతుంది. బాల్ బేరింగులు అక్కర్లేదు. జీఐ పైపు కొలతకు అవి సరిగ్గా నప్పవు, పైగా మేడ మీద వానకు తుప్పు పడతాయి. తిరిగేది నిమిషానికి నాలుగు చుట్లు, దానికి గ్రీజు రాసిన దోనె చాలు.

వెల్డింగు అయ్యాక రెడ్ ఆక్సైడు రెండు పూతలు, ఆపైన ఎనామిల్.

బిగింపు

ముందు తలుపు కొయ్యాలి, ఇరుసు కాదు. పలకల బోల్టులకు లోపలివైపు నట్లు బిగించాలంటే చెయ్యి దూరే సందు కావాలి. డ్రమ్ము నడుమ భాగంలో 400 × 300 మి.మీ. దీర్ఘచతురస్రం గీసి, మూలల్లో 10 మి.మీ. రంధ్రాలు చేసి, జిగ్ సాతో (సన్న బ్లేడున్న కరెంటు రంపం) నెమ్మదిగా కొయ్యండి. మూలలు గుండ్రంగా ఉంటేనే తర్వాత పగుళ్లు రావు. కోసిన ముక్కే తలుపు. లోపలి అంచులకు నాలుగువైపులా ఇనుప పట్టీ బిగించకపోతే, బరువు పడ్డాక డ్రమ్ము నడుములో లోపలికి నొక్కుకుపోయి తలుపు ఇరుక్కుంటుంది. అంచు చుట్టూ సైకిల్ ట్యూబు పట్టీ అతికించి, మడతబందులు పొడవువైపు, గడియలు ఎదురువైపు పెట్టండి. గడియ ఒక్కటైతే చాలదు. తలుపు కిందికి వచ్చినప్పుడు సరుకు బరువంతా దాని మీదే పడుతుంది.

తర్వాత ఇరుసు రంధ్రాలు. రెండు చివరల్లోనూ నడిబొడ్డు కనుక్కోవాలి. కంటితో చూసి పెట్టొద్దు. అంచు నుంచి అంచుకు మూడు దిక్కుల్లో దారం లాగి, దారాలు కలిసిన చోట గుర్తు పెట్టి, 35 మి.మీ. హోల్ సాతో (డ్రిల్లుకు తగిలించే గుండ్రటి రంపం) కొయ్యండి. పది మిల్లీమీటర్లు పక్కకు జరిగినా డ్రమ్ము ఎప్పుడూ ఒకవైపే ఆగుతుంది.

వెల్డు చేసిన పలక ఉన్న ఇరుసును ఒక వైపు నుంచి తోసి, రెండోవైపు నుంచి తొడుగు పలక ఎక్కించండి. డ్రమ్ము చివర సమతలంగా లేకపోతే పలకకూ ప్లాస్టిక్‌కూ మధ్య రబ్బరు షీటు పెట్టాలి. ఒక్కో పలకకు నాలుగు బోల్టులు, లోపలివైపు వెడల్పు వాషర్లు. ఆఖర్న తొడుగునూ ఇరుసునూ కలిపి ఒకేసారి డ్రిల్లు చేసి అడ్డంగా బోల్టు దూర్చండి. ఇలా చేస్తే డ్రమ్మూ ఇరుసూ కలిసి తిరుగుతాయి. ఇరుసు కదలకుండా ఉండి డ్రమ్ము మాత్రమే దాని మీద తిరిగేలా పెడితే పని తగ్గినట్టే ఉంటుంది, కానీ ఇనుము ప్లాస్టిక్‌ను కోసుకుంటూ పోయి రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది.

లోపల రెక్కలు: అల్యూమినియం యాంగిళ్లు మూడింటినీ సమాన దూరంలో, పొడవునా, తలుపుకు అడ్డం రాకుండా బిగించండి. ఇవి లేకపోతే సరుకు నున్నటి గోడ మీద జారుతూ అడుగునే ఉండిపోతుంది.

గాలి రంధ్రాలు 8 మి.మీ.వి, రెండు చివరల్లోనూ ఒక్కోవైపు ఇరవై. గుండ్రటి వంపు భాగంలో వద్దు. అక్కడ పెడితే తిప్పిన ప్రతిసారీ నీళ్లు బయటికి చిందుతాయి. రంధ్రాల మీద లోపలివైపు జాలీ అతికించాలి, లేకుంటే పండుఈగలకు అవే వాకిళ్లు. బిరడాలు కూడా తీసేసి ఆ రంధ్రాలకూ జాలీ కట్టండి. ఇరుసు పైపుకే రంధ్రాలు చేసి గాలి పంపే పద్ధతి ఒకటుంది. వారంలోపే అవి పూడిపోతాయి, ఇరుసు బలం తగ్గడం మాత్రం మిగులుతుంది.

హ్యాండిళ్లు నాలుగూ వంపు మీద సమాన దూరంలో బిగించండి. స్టాండుకు ఒక చిన్న గొలుసు, కొక్కెం కూడా ఉండాలి. తలుపు పైకి తెచ్చి సరుకు వేసేటప్పుడు డ్రమ్ము తనంతట తాను తిరగకుండా హ్యాండిలుకు తగిలించడానికి. నిండు డ్రమ్ము ఒక్కసారి తిరిగితే లోపలున్న చెయ్యికి తగిలే దెబ్బ చిన్నది కాదు.

రెడీమేడ్ కిట్టు కొంటే

రెండు గదుల కిట్లలో ఎక్కువ భాగం ఎనిమిది ప్లాస్టిక్ పలకలు, రెండు చివర బిళ్లలు, మధ్య అడ్డుగోడ, గొట్టాల కాళ్లతో వస్తాయి. మూడే జాగ్రత్తలు. అడ్డుగోడను మొదటే, మూడో పలక బిగించేలోపే కూర్చోబెట్టాలి. ఆఖరి పలక సరిపోయేదాకా ఏ స్క్రూనీ పూర్తిగా బిగించకూడదు. డ్రిల్లు గన్ను వాడకూడదు. ప్లాస్టిక్ మర ఒక్కసారి అరిగితే ఆ స్క్రూ ఇక పట్టదు. 140, 160 లీటర్లని రాసిన కిట్లలో ఒక్కో గది అందులో సగమే అని గుర్తుంచుకోండి. ఇద్దరు ముగ్గురు ఉన్న ఇంటికే అది చాలుతుంది.

ఎక్కడ పెట్టాలి

నిండిన సరుకు 70 కేజీల దాకా, డ్రమ్మూ ఇనుమూ కలిపి ఇంకో 35. ఈ బరువంతా నాలుగు చిన్న పాదాల మీద పడుతుంది కాబట్టి కాళ్ల కింద చెక్కలు వేసి, స్లాబు మధ్యలో కాక దూలం లేదా గోడ దగ్గర పెట్టండి. లేకపోతే పాదాలు గుచ్చుకుని వాటర్‌ప్రూఫ్ పూత చిల్లిపడి, వాన పడినప్పుడు కింది గది కప్పు చెమరుస్తుంది.

పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ ఉండే చోటు మంచిది. బెంగళూరులో అసలు బెడద ఎండ కాదు, వాన. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుము వానలు, సెప్టెంబరు, అక్టోబరుల్లో ముసుర్లు. రంధ్రాలున్న చివరల మీదికి జల్లు కొట్టకుండా పైన ఒక రేకు ఉండాలి.

నీటి లెక్క

కంపోస్టు గురించి ఎవరు చెప్పినా ముందు కార్బన్-నైట్రోజన్ నిష్పత్తి 25 నుంచి 30 అంటారు, అంటే ఒక పాలు నైట్రోజన్‌కు అన్ని పాళ్ల కార్బన్. అది నిజమే. కానీ మూసిన డ్రమ్ములో అంతకుముందే ఆలోచించాల్సింది తేమ.

ఒక కేజీ కూరగాయల తొక్కల్లో సుమారు 800 గ్రాములు నీరే. మిగిలిన 200 గ్రాముల పదార్థానికి కార్బన్ సరిచెయ్యాలంటే 220 గ్రాముల ఎండుటాకు చాలు. అప్పుడు తేమ ఎంతుందో చూడండి: ఆకులోని పదో వంతు తేమ కూడా కలిపితే 1220 గ్రాముల్లో 822 గ్రాములు నీరు, అంటే 67 శాతం. సూక్ష్మజీవులకు గాలి అందాలంటే తేమ 50 నుంచి 60 శాతం మధ్య ఉండాలి. ఆపైన ఆకుల మధ్య సందులన్నీ నీటితో నిండి, ప్రాణవాయువు అక్కర్లేని జీవులు పైచేయి సాధిస్తాయి. కంపు వాటి పనే. 60 శాతానికి దించాలంటే కేజీకి 400 గ్రాముల ఆకు పడుతుంది. అంటే కార్బన్ లెక్క చూసుకుని ఆగిపోయినవాళ్ల డ్రమ్ము కూడా కంపు కొడుతుంది, కారణం వాళ్లకు అంతుబట్టదు.

ఆచరణలో కొంత నీరు వేడికి ఆవిరైపోతుంది కాబట్టి కేజీకి 300 గ్రాములతో నడుస్తుంది. వానాకాలంలో పూర్తిగా 400. నలిపిన ఆకు లీటరుకు వంద గ్రాములు తూగొచ్చు, కానీ ఆకును బట్టి మారుతుంది. వంటింటి తూకం మీద ఒకసారి తూచి, ఆ కొలతకు ఒక డబ్బా గుర్తు పెట్టుకోండి.

రోజుకు 300 గ్రాములంటే నెలకు తొమ్మిది కేజీలు. తొక్కి నింపిన 50 కేజీల బియ్యం గోతాం ఇంచుమించు ఒకటి. ఏడాదికి పన్నెండు. ఈ ఊళ్లో ఆకు రాలేది ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా. కానుగ, నిద్రగన్నేరు, తురాయి ఉన్న వీధుల్లో పౌరకార్మికులు ఊడ్చి కుప్పలు పెట్టే రోజులివి. అప్పుడే ఏడాది సరుకంతా కూడబెట్టాలి. జూన్ వచ్చాక దొరికేది తడిసిన ఆకు. అది డ్రమ్ముకు ఉపకారం చెయ్యదు, ఇంకాస్త నీరు తెస్తుంది. మామిడి, రబ్బరు మొక్కల దళసరి ఆకుల్ని గోతాంలో కట్టి కాళ్లతో బాగా తొక్కాలి. నీలగిరి ఆకు వద్దు.

ఆకు దొరకని ఇళ్లకు కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) ఉంది. దిమ్మను నానబెట్టి వాడేది మొక్కల కుండీలకు. డ్రమ్ములోకి పొడిగా గీకి వెయ్యాలి. నానబెట్టిన కోకోపీట్ వేసి 'పొడి సరుకు వేశాం కదా, ఇంకా కంపేంటి' అనుకోవడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. రంపపు పొట్టు కూడా పనికొస్తుంది కానీ ప్లైవుడ్డుదీ, ఎండీఎఫ్‌దీ వద్దు, వాటిలో జిగురుంటుంది. చెరుకు పిప్పి ఎండబెట్టి తుంచితే మహా బాగుంటుంది, సంక్రాంతికి పారెయ్యకండి.

మొదటి రోజు, ఆ తర్వాత

ఖాళీ డ్రమ్ములో 40 లీటర్ల నలిపిన ఎండుటాకు, దాని మీద 10 కేజీల పాత కంపోస్టు వేసి నాలుగు చుట్లు తిప్పండి. పాత కంపోస్టు లేకపోతే 5 కేజీల పచ్చిపేడను 5 లీటర్ల నీళ్లలో కలిపి చల్లితే సరి. మార్కెట్లో దొరికే కల్చరు పొడులు (సూక్ష్మజీవులు కలిపినవి) వెయ్యొచ్చు, వెయ్యకపోయినా పని ఆగదు. పుల్లమజ్జిగ కూడా అంతే.

తడి చెత్తను రెండంగుళాల ముక్కలకు మించకుండా తరగాలి. కరివేపాకు రెబ్బలు, గోంగూర కాడలు, నమిలిన ములక్కాడ పిప్పి, చింతపండు పిప్పి, కాఫీ ఫిల్టరు అడుగున మిగిలిన పిప్పి అన్నీ వెళ్లొచ్చు. కోడిగుడ్డు పెంకులు చిదిమి వెయ్యండి. పూజ పూలు దారం తీసేశాక. దారం ఇరుసుకు చుట్టుకుంటే విప్పడం నరకం. వినాయక చవితి పత్రి, వరలక్ష్మీ వ్రతం పూలు ఒకేరోజు పోగైనప్పుడు రెండు మూడు రోజులు నీడన ఆరబెట్టి విడతలుగా వెయ్యండి.

మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు ఈ గడువులో కుళ్లవు. మాంసం, చేపలు, ఎముకలు ఎలుకల్ని పిలుస్తాయి. ఆవకాయ ఊట, మిగిలిన నూనె, ఉప్పు ఎక్కువున్న వంటకాలు వద్దు. మిగిలిపోయిన అన్నం గుప్పెడైతే నీళ్లు వడకట్టి ఆకుతో కలిపి వెయ్యొచ్చు, గిన్నెడైతే ముద్దకడుతుంది. కుక్క, పిల్లి మలం వద్దే వద్దు. కంపోస్టబుల్ అని రాసిన కవర్లు కూడా వద్దు. అవి పారిశ్రామిక కంపోస్టు ప్లాంట్ల వేడికి కుళ్లేలా చేసినవి, ఇంటి డ్రమ్ములో ఆ వేడి అంతకాలం నిలవదు.

వేసే తీరు: చెత్త, దాని వెంటే డబ్బాతో కొలిచిన ఆకు. ఆకును సాయంత్రం వేద్దాంలే అని వాయిదా వెయ్యకండి. రెండు మూడు రోజులకోసారి ఐదారు చుట్లు నెమ్మదిగా తిప్పితే చాలు. రోజూ తిప్పితే పుట్టిన వేడి చెదిరిపోతుంది, మెత్తటి సరుకు ఉండలు కడుతుంది.

వారానికోసారి పిడికిలి పరీక్ష. తలుపు తీసి, పై పొర కాదు, జానెడు లోతునుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు మెరిసి ఆగి, చెయ్యి తెరిచాక ముద్ద నిలబడి, బొటనవేలితో తడితే విడిపోవాలి. నీళ్లు ధారగా కారితే ఆకు తక్కువైంది. పొడిపొడిగా రాలిపోతే చెంబుడు నీళ్లు చల్లి తిప్పండి. మార్చి, ఏప్రిల్‌లో తప్ప ఈ రెండోది అరుదు.

వేడి చూడటానికి ఒక ఇనుప ఊచ మధ్యలోకి గుచ్చి ఐదు నిమిషాలు వదిలి పట్టుకోండి. వెచ్చగా ఉంటే పని జరుగుతోంది. పట్టుకోలేనంత కాలితే 55 డిగ్రీలు దాటినట్టే. రోజుకు కొంచెం కొంచెంగా నింపే డ్రమ్ములో అంత వేడి ఎప్పుడూ రాకపోవచ్చు. రోగక్రిములూ విత్తనాలూ చావాలంటే 55 డిగ్రీలు కనీసం మూడు రోజులు నిలవాలి, అందుకే ఇంటి కంపోస్టు వేసిన కుండీల్లో టమాటా, గుమ్మడి మొలకలు తమంతట తామే వస్తాయి. పీకి మళ్లీ డ్రమ్ములోకే వెయ్యండి.

ఆపడం

ఆరేడు వారాలకు డ్రమ్ము మూడింట రెండు వంతులకు వస్తుంది. అక్కడ ఆపాలి. కొత్తగా ఒక్క తొక్క కూడా వెయ్యకూడదు. చాలామంది చెయ్యలేనిది ఇదే. సరుకు తగ్గుతూ ఉంటుంది కాబట్టి ఇంకా జాగా ఉన్నట్టే కనిపిస్తుంది, ఇంకో దోసెడు వేస్తారు, డ్రమ్ములో ఎప్పుడూ సగం పచ్చిగా, సగం పండినట్టుగా ఉంటుంది. ఆపాక మూడు నాలుగు వారాలు, మూడు రోజులకోసారి తిప్పడం తప్ప పనేమీ లేదు.

ఈ మూడు నాలుగు వారాల చెత్త ఎక్కడికి? చోటుంటే రెండో డ్రమ్ము. లేకపోతే మూతున్న 20 లీటర్ల పెయింటు బక్కెట్లు రెండు. అడుగున రెండంగుళాల పొడి కోకోపీట్, ఆపైన రోజూ చెత్త, మళ్లీ పొడి పొర. పులిసిన వాసన వస్తుంది, ఫరవాలేదు. కొత్త విడత మొదలుపెట్టాక ఈ సరుకును ఒకేసారి గుమ్మరించకుండా, రెట్టింపు ఆకుతో వారం పది రోజుల్లో కలపండి.

తేడా వస్తే

ఉండలు. తిరిగే డ్రమ్ములకే ప్రత్యేకమైన జబ్బు ఇది. నిమ్మకాయంత నుంచి టెంకాయంత దాకా పెరుగుతాయి. ఒకదాన్ని రెండుగా విరిచి చూస్తే, పైన గోధుమరంగులో పండినట్టే ఉంటుంది, లోపల నల్లగా, జిగటగా, కుళ్లిన వాసనతో ఉంటుంది. లోపలికి గాలి అందలేదన్నమాట. తేమ ఎక్కువై, సరుకు మరీ మెత్తనై, తిప్పుడు ఎక్కువైతే ఇలా అవుతుంది. తిప్పడం ఆపి, గ్లవుజు వేసుకుని ఉండలు చిదిమి, వేలెడు పుల్లలు, ముతక ఆకు కలిపి రెండు రోజులు తలుపు కొద్దిగా తెరిచి ఉంచండి. జాలీ కప్పడం మరవొద్దు.

వాసనలు రెండు రకాలు, మందులూ వేరు. మురుగు కంపు, పుల్లటి వాసన అయితే నీరెక్కువ, గాలి తక్కువ: ఆకు, తిప్పడం. ముక్కుకు ఘాటుగా అమోనియా కొడితే నైట్రోజన్ ఎక్కువ: పేడ, పచ్చి గడ్డి లేదా కాఫీ పిప్పి తగ్గించి ఆకు కలపాలి. సున్నం చల్లమని ఎవరైనా చెబితే వినకండి. అమోనియా ఇంకా ఎక్కువగా ఎగిరి, మొక్కకు పోవాల్సిన నైట్రోజన్ గాలిలో కలుస్తుంది.

బూడిద రంగులో లావుగా, చదునుగా ఉండే పురుగులు కనిపిస్తే అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై లార్వాలు. కరవవు, రోగాలు మోసే ఈగలూ కావు, చెత్తను మనకన్నా వేగంగా తింటాయి. చూడలేకపోతే తేమ తగ్గించి, చెత్తను ఆకు కింద పూడ్చండి, వాటంతట అవే తగ్గుతాయి. చిన్న పండుఈగలకు కూడా ఇదే మందు. చీమలు పడితే పొడి ఎక్కువైనట్టు. తెల్లటి బూజు మంచిదే.

అడుగున కారే నల్లనీళ్లను అమృతంలా సీసాల్లో పట్టి మొక్కలకు పొయ్యకండి. సగం కుళ్లిన సరుకు ఊట అది, వేర్లను కాలుస్తుంది. ఒక పళ్లెంలో పట్టి, పొడి ఆకు మీద పోసి తిరిగి డ్రమ్ములోకే వెయ్యండి.

వేడే రాకపోతే? సరుకు చాలా తక్కువగా ఉండటం, ముక్కలు పెద్దవి కావడం, డిసెంబరు, జనవరి రాత్రుల చలి, ఈ మూడింట్లో ఏదో ఒకటి. చలికాలంలో డ్రమ్ముకు రెండు గోనెలు చుట్టినా తేడా తెలుస్తుంది, చివరల రంధ్రాలు మాత్రం మూయకండి.

మాగబెట్టి వాడటం

డ్రమ్ములోంచి తీసినదే కంపోస్టు కాదు, ఇంకా మాగాలి. గోనెసంచుల్లోకి వదులుగా నింపి నీడన నాలుగు వారాలు ఉంచండి. ఆరకుండా అప్పుడప్పుడు నీళ్లు చిలకరించాలి. తయారైందో లేదో తెలుసుకోవడానికి గుప్పెడు తడి కంపోస్టు జిప్ కవరులో మూసి మూడు రోజులు పెట్టండి. తెరిచినప్పుడు తడిమట్టి వాసన వస్తే సరే, పుల్లటి వాసనొస్తే మరో రెండు వారాలు. ఇంకో పరీక్ష పెసలది: కంపోస్టు, మట్టి సగం సగం కలిపిన గ్లాసులో పది, ఉత్త మట్టిలో పది నాటండి. రెండిట్లోనూ ఒకేలా మొలిస్తే భయం లేదు.

6 మి.మీ. ఇసుక జల్లెడతో జల్లించేటప్పుడు సరుకు కాస్త తడిగా ఉండాలి, మూతికి మాస్కు ఉండాలి. ఎండిన కంపోస్టు ధూళిలో బూజు బీజాలుంటాయి, ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ పని వేరేవాళ్లకు వదిలెయ్యడం మంచిది. జల్లెడ మీద మిగిలిన ముతక సరుకు పారెయ్యకండి, వచ్చే విడతకు తోడు అదే.

కుండీ నింపేటప్పుడు ఎర్రమట్టి, కంపోస్టు, కోకోపీట్ సమపాళ్లలో కలపండి. పాత కుండీలకు, పన్నెండంగుళాలదానికి నెలకు రెండు గుప్పిళ్లు, పై మట్టి గుల్లచేసి. కరివేపాకు మొక్కకు ఇంకో గుప్పెడు వేసినా కాదనదు. పెట్టిన మొత్తం బరువులో మూడో వంతు చేతికొస్తే విడత బాగా నడిచినట్టు.

కొత్త విడతకు డ్రమ్ము కడగక్కర్లేదు. అడుగున పది కేజీలు అలాగే ఉంచి, జాలీలో ఇరుక్కున్నవి బ్రష్షుతో దులిపి, గడియల బోల్టులు ఓసారి బిగించి, దోనెల్లో పాత గ్రీజు తుడిచి కొత్తది రాయండి. తొడుగు బోల్టు వదులైందేమో ఇప్పుడే చూసుకోండి, నిండిన తర్వాత దాన్ని బిగించడం ఇద్దరి పని.